అన్ని డిపోల్లోనూ ఉన్నాయి

మంత్రి అయ్యాక కూడా ఊళ్ళో ఆమెను కండక్టరమ్మ అనే పిలిచేవారు. పిలిచేవాళ్ళకు అది ముద్దు, ఆమెకు అది గర్వం. ఆమె భర్త బస్సు డిపోలో మెకానిక్కు. "మా ఆవిడ దేశాన్ని నడుపుతోంది, నేను పాడైన బస్సుల్ని నడుపుతున్నాను. ఎవరి బండి ముందు ఆగిపోతుందో చూడాలి" అని తోటివాళ్ళతో వేళాకోళమాడేవాడు.

వయసులో ఉండగా అదే డిపోలో ఆమె కండక్టరుగా చేరింది. పని నేర్పింది పెద్దక్క. అక్కడ ఉద్యోగం చేసిన మొదటి ఆడమనిషి ఆవిడే కాబట్టి అందరికీ పెద్దక్కే. మలుపుల్లో తూలిపోకుండా నడుము కమ్మీకి ఆనించి నిలబడడం, చిల్లర లేదని దబాయించేవాడి దగ్గర గొంతు పెంచకుండానే చిల్లర రాబట్టడం, తాగి ఎక్కినవాణ్ణి తీసుకెళ్ళి డ్రైవరు వెనక కూర్చోబెట్టడం అన్నీ ఆవిడే చూపించింది. ఇంకో సంగతి కూడా చెప్పింది.

"డ్యూటీకి వచ్చేముందు నీళ్ళు తాగకే. నోరు పుక్కిలించి ఊసెయ్. ఇక్కడ మనం వెళ్ళడానికి చోటు లేదు. ఇంటికెళ్ళాక తాగుదువుగాని, బిందెడు."

ఒక ఎండాకాలం మధ్యాహ్నం, కిక్కిరిసిన బస్సులో టికెట్లు ఇస్తూ ఇస్తూ ఆమె కళ్ళు తిరిగి పడిపోయింది. ఆస్పత్రిలో డాక్టరమ్మ "నీళ్ళు ఎందుకు తాగడం లేదమ్మా?" అని అడిగితే, పక్కన భర్త ఉన్నాడని నీళ్ళు నమిలింది. మర్నాడు డ్యూటీకి వెళ్ళి సంతకం పెట్టలేదు. డిపో గేటుకు అడ్డంగా నేల మీద కూర్చుంది. మొదటి బస్సు డ్రైవరు హారను మోగించాడు. ఆమె కదల్లేదు. పెద్దక్క వచ్చి టికెట్ల సంచీ పక్కన పడేసి, "జరగవే, నాక్కాస్త చోటియ్యి" అంటూ చతికిలబడింది. కాసేపటికి డిపోలోని ఆడవాళ్ళంతా అక్కడే ఉన్నారు. మేనేజరు తిట్టాడు, బుజ్జగించాడు, పోలీసుల్ని పిలుస్తానన్నాడు. చివరికి దిగివచ్చి రేకు తలుపు పెట్టి ఒక చిన్న గది కట్టించాడు. లోపల మరుగుదొడ్డి, కుళాయి, నడుం వాల్చడానికి ఒక బెంచీ.

ఆ గదితో ఆమె పేరు మోగిపోయింది. యూనియన్ నాయకురాలైంది. పార్టీ వాళ్ళు ఇల్లు వెతుక్కుంటూ వచ్చి పోటీ చేయమన్నారు. ఎన్నికల సభల్లో ఆమెకు పెద్ద మాటలు వచ్చేవి కావు. గేటు ముందు కూర్చున్న సంగతే చెప్పేది. అది చాలేది. రెండోసారి గెలిచి పార్లమెంటుకు వెళ్ళినప్పుడు ఆమెను రవాణా శాఖకు సహాయ మంత్రిని చేశారు.

మంత్రిగా సభలో ఆమె చెప్పాల్సిన మొట్టమొదటి జవాబు, విచిత్రంగా, ఆ విషయం మీదే వచ్చింది. దేశంలోని బస్సు డిపోలన్నింటిలో మహిళా సిబ్బందికి మరుగుదొడ్లు, విశ్రాంతి గదులు ఉన్నాయా అని ప్రతిపక్షంలోని ఒక పెద్దాయన అడిగాడు. శాఖ కార్యదర్శి జవాబు తయారుచేసి తెచ్చాడు. అన్ని డిపోల్లోనూ ఉన్నాయి. అంతే.

"అన్నింట్లోనా?" అని ఆమె అడిగింది. లేవని ఆమెకు తెలుసు. యూనియన్ పని మీద కాళ్ళరిగేలా తిరిగిన డిపోల్లోనే చాలాచోట్ల లేవు.

"డిపోల నుంచి వచ్చిన వివరం అదేనండీ. కొన్నింట్లో లేవంటే ఎన్నింట్లో అంటారు. అది చెబితే ఎప్పట్లోగా కడతారంటారు. మనకెందుకొచ్చిన తంటా?" అన్నాడు కార్యదర్శి.

ఆమెకు పైన ఉన్న పెద్ద మంత్రి కళ్ళజోడు తుడుచుకుంటూ, "తొలి జవాబమ్మా. తడబడకుండా చదివెయ్. ఆ గదులు మెల్లగా మనమే కట్టిద్దాం" అన్నాడు. ఆయన మాటలో వాత్సల్యం ఉంది. త్వరలో ఆమెకు ఇంకా పెద్ద శాఖ ఇస్తారన్న గుసగుస కూడా అప్పటికే చెవిన పడి ఉంది.

ఆమె లేచి చదివింది. అక్కడితో ఆగితే వేరే సంగతి. ప్రతిపక్షపు పెద్దాయన మళ్ళీ లేచాడు. "అధికారులు రాసిచ్చింది విన్నాం. మంత్రిగారు స్వయంగా కండక్టరుగా పనిచేశారు. ఇదే మాట తన మాటగా చెప్పగలరా?"

చెప్పలేను అనడానికి అంతకంటే మంచి అదను ఉండదు. కానీ అన్ని కళ్ళూ తన మీదే ఉండేసరికి ఆమెకు పౌరుషం పొడుచుకొచ్చింది.

"నేను ఆ బస్సుల్లో నిలబడి బతికినదాన్ని. నీళ్ళు తాగకుండా పడిపోయినదాన్ని. నా మాటగానే చెబుతున్నాను. అన్ని డిపోల్లోనూ ఉన్నాయి."

సొంత పార్టీవాళ్ళు బల్లలు అదిరేలా చరిచారు. పెద్ద మంత్రి వంగి ఆమె భుజం తట్టాడు. ఆమె కాగితం మడిచి కూర్చుంది. అబద్ధం ఆడింది సరే, దానికి తన బతుకునే సాక్ష్యం పెట్టిందేమిటి?

ఆ సాయంత్రం భర్త ఫోను చేశాడు. "టీవీలో చూశాం. గట్టిగా మాట్లాడావు" అన్నాడు. ఫోను మాత్రం పెట్టలేదు.

"ఏంటి, చెప్పండి."

"ఏం లేదు. మన డిపోలో ఆ గదిలో పాత టైర్లు పెట్టారు. పోయినేడే పెట్టారు. నీకు చెప్పానేమో అనుకున్నాను."

ఆమెకు తల కొట్టేసినట్టయింది.

ఆదివారం ఎవరికీ చెప్పకుండా ఊరికి వెళ్ళి, ఒక్కతే డిపోకు నడిచింది. రేకు తలుపు సగం తెరిచి ఉంది. లోపల కప్పుదాకా టైర్లే. పెద్దక్క చెట్టు నీడలో టికెట్ల మిషను సర్దుకుంటోంది. ఆమెను చూసి గభాలున లేచి నిలబడింది.

"రండి అమ్మా, కూర్చోండి" అంది.

ఇన్నేళ్ళలో పెద్దక్క ఆమెను ఏమే, ఒసే అనడమే తప్ప 'మీరు' అన్నది లేదు. మంత్రిగా ప్రమాణం చేసిన రోజు కూడా ఫోనులో "అన్నం తిన్నావటే?" అనే అడిగింది.

"అలా పిలవకక్కా. తిట్టు, పడతాను."

"మిమ్మల్ని తిట్టడానికి నేనెవర్ని? మా పిల్లలు టీవీ ముందు కూర్చుని నవ్వారు. నేను లేచి బయటికొచ్చేశాను. ఆ రోజు గేటు దగ్గర మీ పక్కన కూర్చున్నానని వాళ్ళకి వందసార్లు చెప్పుకున్నదాన్ని. నాకే మొహం చెల్లలేదు."

ఆమె రేకు తలుపు వైపు చూసి, "ఇప్పుడు మీరంతా ఎక్కడికి వెళ్తున్నారు?" అని అడిగింది.

పెద్దక్క చూపించింది. గేటుకు ఎదురుగా పిండిమర. మర యజమానురాలు దయతలచి పెరటి దొడ్డి వాడుకోనిస్తోంది. అక్కడ ఇద్దరు కండక్టరు అమ్మాయిలు వరసలో నిలబడి ఉన్నారు. మంత్రిని చూసి గోడవారకు తప్పుకున్నారు. యజమానురాలు పిండి చేతులతోనే బిందెడు నీళ్ళు తెచ్చి, "అయ్యో, కడిగిస్తానుండండి, మీరు ముందు వెళ్ళండి మేడమ్" అని హడావుడి పడింది. ఆమె వెళ్ళనంది. వరస చివర నిలబడింది. ముందున్న అమ్మాయి బస్సు వేళవుతోందని గేటు వైపు చూస్తూనే ఉంది. మంత్రి అక్కడ ఉన్నందుకు బిడియపడి, లోపలికి వెళ్ళకుండానే బస్సుకు పరిగెత్తింది.

ఆ పరుగు చూశాక కూడా ఆమె వెంటనే ఏమీ చేయలేదు. రాజధానికి తిరిగి వెళ్ళింది. రోజూ పొద్దున్న అద్దం ముందు ఇవాళ చెప్పేస్తాను అనుకునేది. రోజూ ఏదో అడ్డొచ్చేది. అడ్డొచ్చేది తన పిరికితనమేనని ఆమెకు తెలుసు. సమావేశాలు ముగిసే రోజున మాత్రం లేచి, "ఆ రోజు నేను చెప్పింది నిజం కాదు. చాలా డిపోల్లో లేవు. నాకు తెలిసే చెప్పాను" అని కూర్చుంది. ఈసారి బల్లలు చరిచింది ఎదుటి పక్షం. వెనక బెంచీల్లోంచి సొంత పార్టీవాళ్ళే ఎవరో, "కండక్టరు మధ్యలోనే దిగిపోయింది" అన్నారు. పెద్ద మంత్రి ఆమె వైపు చూడనైనా లేదు.

కొద్ది నెలలకే మంత్రివర్గాన్ని మార్చినప్పుడు ఆమె పేరు లేదు. తర్వాతి ఎన్నికల్లో టికెట్టూ ఇవ్వలేదు. దానికి ఆమె పెద్దగా బాధపడలేదు. పత్రికలు నిజాయితీకి మారుపేరు అని రాసినప్పుడే భూమిలో కుంగిపోయినట్టుండేది. ఒక కాలేజీలో అభినందన సభ పెట్టి, పిల్లలంతా లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. "తెలిసే అబద్ధమాడాను, పెద్దక్క మొహం చూడలేకే నిజం చెప్పాను" అని ఆమె ఉన్నదున్నట్టు చెప్పింది. వాళ్ళు అది వినయమనుకుని ఇంకా గట్టిగా కొట్టారు.

ఆమె అన్న మాటకు అంతో ఇంతో ఫలితం దక్కింది. ఊరి డిపోలో టైర్లు ఖాళీ చేశారు. మిగతాచోట్ల కొన్ని గదులు లేచాయి, కొన్ని పునాది దగ్గరే ఆగిపోయాయి. పెద్దక్క రిటైరైంది. వీధిలో కనబడితే నవ్వుతుంది, మంచినీళ్ళిస్తుంది. పిలుపు మాత్రం 'మీరు' దగ్గరే నిలిచిపోయింది.

ఇప్పుడు ఆమె యూనియన్ తరఫున డిపోలు తిరిగి గదులు చూసి వస్తుంటుంది. మొన్న ఒక డిపోలో కుర్ర మేనేజరు, "గది బ్రహ్మాండంగా ఉందండీ, తాళంచెవే కనబడడం లేదు" అన్నాడు. అబద్ధం అతని మెడ దగ్గర చెమటలో కనబడుతూనే ఉంది. కడిగేద్దామని నోరు తెరిచింది. కానీ అతన్ని కడిగే నోరు తనది కాదనిపించి, తలొంచుకుని బయటి బెంచీ మీద కూర్చుంది.

"వెతకండి బాబూ. దొరికేదాకా ఇక్కడే ఉంటాను" అంది.