నాయుని కట్ట దాటిన చేపలు

2006లో నేను తమిళనాడులోని ధర్మపురి కలెక్టరేట్‌లో గుమాస్తాను. అనుమతుల ఫైళ్ళు చూసేవాణ్ణి. మా తాతగారి కాలంలో బొమ్మిడి దగ్గరి ఏటి పక్క పొలాలన్నీ మావే. నా కాలానికి మిగిలింది ఇంటిపేరు, దానికి తగ్గట్టు నడుచుకోవాలన్న పట్టుదల. ఆఫీసుకు ఇస్త్రీ పంచెలోనే వెళ్ళేవాణ్ణి. అర్జీదారు ఇప్పించే టీ ఏనాడూ తాగలేదు.

ఆ ఏటికి అడ్డంగా తాతగారు కట్టించిన రాతి ఆనకట్టను జనం నాయుని కట్ట అంటారు. దిగువన ఇసుక తవ్వి తవ్వి ఏరు లోతుపడి, కట్ట నిలువు గోడలా తేలింది. తొలి వరదకు ఎదురెక్కే చేపలు దాన్ని దాటలేకపోయాయి. ఎగువ మడుగుల్లో చేపలు లేకుండా పోయాయి. గోడను నడుమ కొంత తగ్గించి, కింద రాళ్ళతో ఫిష్ పాస్, అంటే చేపలు మెట్టుమెట్టుగా ఎక్కే దారి, వేయాలని మత్స్యశాఖ వారి ఆలోచన. ప్రజాపనులు, అటవీశాఖ, పంచాయతీ, రెవెన్యూ అందరి సంతకాలూ కావాలి. ముందు మీరు పెట్టండంటే మీరు పెట్టండని ఒక వానాకాలం దాటిపోయింది.

ఎగువ మడుగుల్లో చేపలు పట్టుకుని బతుకుతూ వచ్చిన మునెమ్మ ఒకరోజు నా టేబుల్ దగ్గరికి వచ్చింది.

“మా ఇంటాయన బెంగుళూరికి కాంక్రీటు పనికి పోయినాడు సామీ. ఈ వానకూ చేప ఎక్కకపోతే నేనూ ఇంటికి బీగమేసి పోతాను.”

“అనుమతి నా చేతిలో లేదమ్మా.”

“మరి ఎవురి చేతిలో ఉండాది? చెప్పు, పొయ్యి ఆ చెయ్యే పట్టుకుంటాను.”

అప్పుడే కొత్తగా వచ్చిన సబ్ కలెక్టర్ పద్ధతి మార్చారు. ఫైలు అందరి దగ్గరికీ తిరగనక్కర్లేదు, అందరూ కలిసి ఏటి దగ్గరికే రావాలన్నారు. దీన్నే జాయింట్ ఇన్‌స్పెక్షన్ అంటారు. చూడటం, అడగటం, సంతకం పెట్టడం అన్నీ అక్కడికక్కడే.

ఆ రోజు ఫైలు పట్టుకుని నేనూ ఏటి దగ్గరికి వెళ్ళాను. అటవీ అధికారి సంతకం పెట్టారు. పంచాయతీ ప్రెసిడెంటూ పెట్టాడు. ప్రజాపనుల ఇంజనీరు మాత్రం తల అడ్డంగా ఊపాడు.

“ఇది మా కట్ట కాదు సార్, ప్రైవేటుది. వారసుల ఎన్‌ఓసీ కావాల.” అభ్యంతరం లేదని రాసిచ్చే కాగితమే ఎన్‌ఓసీ.

“వాళ్ళను వెతికేలోపు ఈ వానలూ పోతాయి,” అన్నారు సబ్ కలెక్టర్. చూడటానికి వచ్చిన మునెమ్మ అక్కడే ఇసుకలో కూలబడింది.

పొలాలతోపాటే కట్ట కూడా చేతులు మారిపోయిందనుకున్నాను. మా వాళ్ళు అమ్ముకోనిది ఒకటి మిగిలిందని ఆ క్షణంలోనే తెలిసింది.

“వెతకనక్కర్లేదు సార్,” అన్నాను. “వారసుణ్ణి నేనొక్కణ్ణే.”

మునెమ్మ నోరు నొక్కుకుంది. “అయ్యో సామీ! నేను పట్టుకోవాల్సిన చెయ్యి నీదేనా!”

అందరూ నవ్వారు. ఇంజనీరు దగ్గరికి వచ్చి గొంతు తగ్గించాడు. “తీసేది నడుమనే సార్. మీ తాతగారి పేరు చెక్కిన రాయి ఆడే ఉండాది. జాగ్రత్తగా తీసి మీ ఇంటికి పంపుతాము.”

“వద్దు. మెట్లలోనే వేయండి. పేరు పైకి కనబడాలి,” అని ఆ గోడ మీదే నిలబడి సంతకం పెట్టాను.

వానలకు ముందే పని పూర్తయింది. తొలి వరద రోజు పొద్దున్నే వెళ్ళాను. ఎర్రటి నీళ్ళు మెట్ల మీద నురుగులు కక్కుతున్నాయి. ముందు ఏమీ కనబడలేదు. తర్వాత వేలెడంత పరిగె చేప ఒకటి ఎగిరింది, పడింది, మళ్ళీ ఎగిరింది. దాని వెనక ఇంకొకటి. చూస్తుండగానే నీళ్ళన్నీ వెండిలా కదలసాగాయి. తాతగారి పేరు మీదుగా మందలు మందలుగా పైకి పోతున్నాయి. అంత చిన్న ఒంట్లో అంత బలం ఎక్కడిదో! ఎప్పుడు వంగానో తెలియదు, రెండు చేతులూ మోకాళ్ళ మీద పెట్టుకుని చూస్తున్నాను.

మునెమ్మ వల తేలేదు. “ఈపొద్దు వెయ్యను. పోనీ సామీ, పైకి పొయ్యి గుడ్లు పెట్టనీ.”

“మీ ఆయనకు ఫోన్ చేశావా?”

“నువ్వే చెయ్యి. నేను చెప్తే కల గన్నావా అంటాడు.”

అనుమతి అంటే అడగవచ్చినవాడికి మనం ఇచ్చేదని అంతవరకూ అనుకునేవాణ్ణి. ఆ తర్వాత నా దగ్గరికి వచ్చిన ప్రతి అర్జీకీ, సంతకం పెట్టాల్సినవాళ్ళను ముందు ఆ చోటికి తీసుకువెళ్ళి నిలబెట్టేవాణ్ణి.

మునెమ్మ ఒక లోటాలో టీ పోసి ఇచ్చింది. తాగాను.