బాపు చూడని ఫైనల్

మా భివండీలో సాంచాలకు సుట్టి, అంటే సెలవు, శుక్రవారం. కరెంటు మగ్గాలను మేము సాంచాలంటాం. లోకమంతా ఆదివారం పడుకుంటే మీరు శుక్రవారం పడుకోవడం ఏమిటని మా పక్క ఊరు పూర్ణలో నేను పనిచేసే గోదాములో కొత్తగా చేరిన ప్రతి ఒక్కరూ అడుగుతారు. నాకు తిక్క లేస్తుంది. మా ఊరు, మా సుట్టి, మా ఇష్టం! ఆ ఒక్క రోజు గైబీ నగర్ గల్లీల్లో షెడ్లన్నీ నోరు మూసుకుంటాయి, మనుషులు మామూలు గొంతుతో మాట్లాడుకుంటారు. మిగిలిన ఆరు రోజులూ మాది అరుచుకునే బతుకే. నాకు గొంతు పెద్దదని పేరు. సాంచాల పక్కన పెరిగిన పిల్లకు చిన్న గొంతు ఎక్కడి నుంచి వస్తుంది?

మా బాపుకు టెన్నిస్ పిచ్చి పట్టింది ఈ శుక్రవారం వల్లనే. నా చిన్నప్పుడు, మే నెల దాటి జూన్ మొదలయ్యే రోజుల్లో, ఉక్కపోతకు మధ్యాహ్నం నిద్రపట్టక ఆయన టీవీ చానెళ్లు తిప్పుతుంటే ఎర్రటి నేల మీద ఇద్దరు మగవాళ్లు జారుతూ, లేస్తూ, చెమటలు కక్కుతూ బంతిని కొట్టుకోవడం కనిపించింది. పారిస్‌లో ఏటా జరిగే పెద్ద టోర్నమెంటు అది. మగవాళ్ల సెమీఫైనల్ సరిగ్గా శుక్రవారమే పెడతారు. బాపు ఆ రోజు చీకటి పడేదాకా లేవలేదు. "గీ ఆటల బలంగాదు బిడ్డా, ఓపిక గావాలె" అన్నాడు. అప్పటి నుంచి ప్రతి ఏడూ ఆ శుక్రవారం మా ఇంట్లో పండుగే. అమ్మ పచ్చిమిరపకాయ బజ్జీలు వేస్తుంది, బాపు టీవీకి మూరెడు దూరంలో కూర్చుంటాడు, నేను లైన్ అంపైర్‌ను తిడతాను.

ఫైనళ్ల సంగతి వేరు. ఆడవాళ్లది శనివారం, మగవాళ్లది ఆదివారం. రెండూ మా షెడ్డు నడిచే రోజులే, అదీ సాయంత్రం పూట! బాపుకు ఎనిమిది సాంచాలున్నాయి. నాలుగు తను నడుపుతాడు, నాలుగు ఒక పెద్దాయన నడుపుతాడు. ఆయన తెలుగునాట మా పాత జిల్లా నుంచే బతకడానికొచ్చిన మనిషి, నేను కాకా అని పిలుస్తాను. పొద్దున మొదలైన సాంచాలు రాత్రి పదకొండు కొట్టేదాకా ఆగవు. ఆగితే కరెంటు పోవడం వల్లనే ఆగాలి. కరెంటు పోతే టీవీ కూడా పోతుంది! చూడండి తమాషా. కరెంటు ఉంటే బాపుకు తీరిక ఉండదు, తీరిక దొరికితే టీవీ ఉండదు. అన్నేళ్లలో మా బాపు ఒక్క ఫైనల్ ముగింపు కూడా కళ్లారా చూడలేదు.

"ఒక్క పూట బంద్ పెట్టు బాపూ" అని నేను ఎన్నిసార్లు కొట్లాడానో! ఆయన వినడు. సొంత సాంచాలు కొనకముందు బాపు కూడా ఇంకొకరి షెడ్డులో కూలికి నడిపినవాడే. తన ఇంట్లో పేరంటమున్నా, చుట్టాలొచ్చినా ఆ షేటు, అంటే యజమాని, సాంచాలు బంద్ పెట్టేవాడట. నేసిన మీటర్లను బట్టి కూలి కాబట్టి ఆ రోజు బాపు ఒట్టి చేతులతో ఇంటికొచ్చేవాడు. "నా షోకు కోసం గాయన పొయ్యి ఆర్పాల్నా?" అంటాడు కాకా వైపు చూపించి. నీ నాలుగైనా ఆపమంటే, వాటి మీది అప్పు ఎవరు కడతారంటాడు. నాకు ఇంకా కోపం వచ్చేది.

పోనీ రాత్రికి మళ్లీ వేస్తారు, అది చూడమంటే మొహం చిట్లిస్తాడు. "ఎవలు గెలిసిన్రో తెలిసినంక జూసుడేంది? పెండ్లయినంక పిల్లను జూడవోయినట్టు!"

అందుకని ఆయన చరిత్ర పట్టుకున్నాడు. నా చేతికి ఫోన్ వచ్చాక గురువారం రాత్రి కూర్చోబెట్టుకుని చదివించుకునేవాడు. ఆ టోర్నమెంటు మొదట్లో ఫ్రాన్స్ క్లబ్బుల వాళ్లకే ఉండేదని, తర్వాతే బయటివాళ్లను రానిచ్చారని చదివితే "ఎక్కడైనా గట్లనే" అన్నాడు. స్టేడియానికి ఒక విమానం నడిపినాయన పేరు పెట్టారని చదివాను. "ఆడనోని పేరెందుకు వెట్టిన్రు?" యుద్ధంలో పోయిన ఆయన కోసం స్నేహితుడు పట్టుబట్టాడట అన్నాను. బాపు ఫోన్‌లో ఆయన బొమ్మ చూపించమన్నాడు. "దోస్తంటే గట్లుండాలె" అన్నాడు తర్వాత. ఆ ఎర్రటి నేల మట్టే కాదని, గోరు మందం కూడా లేని ఇటుక పొడి అని చెప్పినప్పుడు మాత్రం నమ్మలేదు. "ఇటుక పొడా? వాడా రోడ్డు పొడుగునా బట్టీలే గదనే! మనమే ఏసుకుంటుంటిమి గదా గ్రౌండు!" ఇక పదిహేడేళ్ల పిల్లవాడొకడు కాళ్లు పట్టేసి నిలబడలేక, లోకంలోనే మొదటి ర్యాంకు ఆటగాడికి కింది నుంచి బంతిని తోసి సర్వ్ చేసి గెలిచిన కథ ఉంది చూడండి, అది ఎన్నిసార్లు చెప్పించుకున్నాడో. ప్రతిసారీ అక్కడికి రాగానే తొడ చరుస్తాడు.

కాకాకు ఇదంతా గిట్టదు. "దినమంత నాడె అటువోవుడు ఇటొచ్చుడు జూసి నా కండ్లు గుంజుతయ్. మల్ల గా బంతిని గూడ జూడాల్నా షేట్?" అంటాడు. మగ్గంలో అడ్డపోగు పట్టుకుని అటూ ఇటూ పరుగెత్తే నాడెను రోజంతా కనిపెట్టి ఉండే మనిషి మాట అది. తప్పు పట్టలేం.

ఈసారి నేను పంతం పట్టాను. ఆడవాళ్ల ఫైనల్‌కు ఇద్దరు దిట్టలు చేరారు. ఒకామె ప్రతి దెబ్బకూ స్టేడియం అదిరేలా అరుస్తుంది, ఇంకొకామె ఎక్కడ వేసినా పరుగెత్తి అందుకుంటుంది. బాపు వాళ్లకు పేర్లు కూడా పెట్టేశాడు, అరుపుల పిల్ల, ఉరుకుల పిల్ల అని. మనసంతా ఉరుకుల పిల్ల మీదే. శనివారం నేను గోదాములో ఇన్‌చార్జితో ఒంటికాలి మీద లేచి సగం పూట సెలవు గుంజుకున్నాను. షేరింగ్ రిక్షాలో ఇరుక్కుని, మాన్కోలి దగ్గర లారీల మధ్య చిక్కుకుని, డ్రైవర్‌ను తిట్టుకుంటూ ఆట మొదలయ్యే వేళకు షెడ్డులో పడ్డాను.

బాపు నాలుగు సాంచాల మధ్య సన్నటి దారి ఉంటుంది. దాని చివర ఉన్న స్తంభానికి నా ఫోన్‌ను తాడుతో కట్టాను. బాపు తలకాయ ఊపాడు, కళ్లు మెరిశాయి. కానీ సాంచా నడిపే మనిషి నిలబడి చూడలేడు కదా! ఇక్కడ పోగు తెగుతుంది, అక్కడ నాడెలో నూలు కండె అయిపోతుంది. ఆయన సర్వ్ చూసి అటు పోయి వచ్చేసరికి పాయింటు అయిపోయేది. ఆ మోతలో మాట వినపడదు, మేమంతా చేతులతో పెదవులతోనే మాట్లాడుకుంటాం. అందుకని నేను ఫోన్ పక్కనే స్టూలెక్కి చేతులతో ఆట చెప్పడం మొదలుపెట్టాను. లైన్ మీద పడితే అరచేయి పరిచాను, బయటికి పోతే చెయ్యి విసిరేశాను, ఇద్దరూ సమానమైతే త్రాసు పట్టినట్టు రెండు చేతులూ ఎత్తాను. కాకా నన్ను చూసి నోరు తెరిచి నవ్వాడు. నవ్వనీ!

మొదటి సెట్ చేతికొచ్చినట్టే వచ్చి పోయింది. బాపు ముఖం వాడిపోయింది. రెండో సెట్‌లో ఉరుకుల పిల్ల కాళ్లకు చక్రాలున్నట్టు ఉరికి ప్రతి బంతినీ తిరగ్గొట్టింది. సెట్లు సమానమయ్యాయి. నేను స్టూలు మీద ఎగిరాను, స్టూలు కిర్రుమంది. బాపు అవతలి నుంచి చెయ్యెత్తి పిడికిలి బిగించాడు. మూడో సెట్ సగానికొచ్చేసరికి ఆయన బనియను మొత్తం తడిసిపోయి ఉంది, అది పని చెమటో ఆట చెమటో ఆయనకే తెలియాలి.

అప్పుడు కరెంటు పోయింది.

ఎనిమిది సాంచాలు ఒక్కసారిగా ఆగాయి. గల్లీ అంతా ఆగింది. చీకట్లో స్తంభం మీద నా ఫోన్ ఒక్కటే వెలుగుతోంది, ఆ నిశ్శబ్దంలో పారిస్ బంతి చప్పుడు మా షెడ్డులో టక్ టక్‌మని వినపడింది.

"బాపూ! ఫోన్ నడుస్తోంది!" అని అరిచాను. ఆయన తానుల కట్ట మీద కూలబడ్డాడు. టీవీ కాలంలో ఆయనకు దొరకని తీరిక ఇది. ఫోన్‌ను ఒళ్లో పెట్టాను. చేసేదేమీ లేక కాకా కూడా వచ్చి భుజం మీదుగా తొంగి చూశాడు.

"గీ పొల్ల గట్ల జారుతదేంది? పడదా?" అన్నాడు కాకా.

"పడదు కాకా, ఆ నేల మీద జారడం కూడా ఆటే."

"కాళ్లు పట్టెయ్యవా?"

"పట్టేస్తయ్. అయినా ఉరుకుతది" అన్నాడు బాపు కళ్లు తిప్పకుండా.

ఒక బంతి లైన్‌ను తాకిందా లేదా అని గొడవొచ్చింది. అంపైర్ కుర్చీ దిగి, నేల మీద బంతి చేసిన మచ్చను వంగి చూసి, లోపలే పడిందని వేలు చూపింది. "శబాష్! దిగొచ్చి జూసింది!" అన్నాడు కాకా. ఆ తర్వాత ఆయన నోరు ఆగలేదు. "ఉరుకు పొల్లా! గటు గాదు, గిటు, గిటు!" అని ఫోన్‌కు సలహాలు మొదలుపెట్టాడు. నేనూ బాపూ ముఖాలు చూసుకుని నవ్వుకున్నాం. ఉరుకుల పిల్ల అయిదు నాలుగు దాకా లాక్కొచ్చింది. ఇంకొక్క గేమ్ గెలిస్తే కప్పు ఆమెదే. సర్వ్ కూడా ఆమెదే.

ఆమె బంతిని నేలకేసి కొడుతుండగా బల్బు వెలిగింది.

పక్క షెడ్డు మోత మొదలైంది. దాని పక్కది, ఎదురుది, ఒక్కొక్కటీ అందుకున్నాయి. ఫోన్‌లో చప్పుడు మునిగిపోయింది. బాపు లేచాడు. నా వైపు చూడలేదు. దేవుడా, ఇంకొక్క అయిదు నిమిషాలు ఆ కరెంటును ఆపలేకపోయావా! ఏడుపొచ్చేసింది నాకు. ఆయన నేరుగా కాకా సాంచాల దగ్గరికి పోయి స్టార్టర్ మీద చెయ్యి పెట్టాడు.

కాకా వెనుక నుంచి పోయి ఆ మణికట్టు పట్టుకున్నాడు.

"ఏంది?" అన్నాడు బాపు.

"కూసో షేట్. పొల్ల గెల్వనీ."

"కరెంటొచ్చింది గదా. నీ మీటర్లు వోతయ్."

"పోయేటియి నా మీటర్లు గదా? నేనే పోనియ్యమంటున్న. నీకేంది నొప్పి?" కాకా మోత మీదుగా చెవి దగ్గర అరుస్తున్నాడు. "ఇన్నేండ్లసంది జూస్తున్న, ఒక్కనాడన్న నీ పనికి నా సాంచా ఆపినవా? ఇయాల నేనాపుతున్న. నడూ!"

కాకా బాపు రెక్క పట్టుకుని లాక్కొచ్చి తానుల కట్ట మీద కూర్చోబెట్టాడు.

ముగ్గురం ఒక్క ఫోన్ మీద తలలు ఆనించాం. ఒక మ్యాచ్ పాయింటు నెట్‌కు కొట్టుకుని పోయింది. కాకా నెత్తి పట్టుకున్నాడు. అరుపుల పిల్ల సమానం చేసింది. మళ్లీ మ్యాచ్ పాయింటు. బంతి ఎన్నిసార్లు అటూ ఇటూ పోయిందో నేను లెక్కపెట్టలేదు. చివరికి అరుపుల పిల్ల కొట్టిన బంతి లైన్ దాటి ఇటుక పొడిలో పడింది. ఉరుకుల పిల్ల రాకెట్ వదిలేసి వెల్లకిలా నేల మీద పడిపోయింది. నేను కేక పెట్టాను. కాకా నన్ను మించి కేక పెట్టాడు. బాపు చేతుల్లో ముఖం దాచుకుని ఏడ్చాడు.

సరిగ్గా అప్పుడే అమ్మ గుండెలు బాదుకుంటూ వచ్చింది. ఆమె గల్లీ చివర చుట్టాలింట్లో ఉంది. కరెంటొచ్చి అన్ని షెడ్లూ మొదలైనా మాది ఒక్కటే మొదలుకాలేదు. మా గల్లీలో అట్లా జరిగితే ఒకటే అర్థం, లోపల ఎవరికో ఏదో అయిందని. కొంగు జారిపోతున్నా చూసుకోకుండా పరుగెత్తి వచ్చి బాపు తడి ముఖం చూసింది.

"ఏమైందే మీ బాపుకు? షాక్ గొట్టిందా? నోరిప్పుర్రి ఎవలన్న!"

బాపు తల ఎత్తాడు. ఏడుస్తూనే నవ్వాడు.

"జూసిన" అన్నాడు. "ఆఖరుదాక జూసిన."

అమ్మకు అర్థం కావడానికి కొంతసేపు పట్టింది. అర్థమయ్యాక బాపు వీపు మీద ఒక్కటి చరిచి, అక్కడే నేల మీద కూలబడి తనూ ఏడుపు మొదలుపెట్టింది. బాపు తువ్వాలుతో ముఖం తుడుచుకుని లేచాడు. కాకాను కదలనివ్వలేదు. కాకా నాలుగు సాంచాలనూ ఒక్కొక్కటిగా తన చేత్తోనే స్టార్ట్ చేసి ఆయనకు అప్పగించాడు. తనవాటి దగ్గరికి మాత్రం పోలేదు. వచ్చి అమ్మ పక్కన కూర్చుని, ఆ పిల్ల కప్పు ఎత్తేదాకా కదలలేదు.