హర్స్ నడిపిన పక్కింటాయన

ఐరిష్ ఊరు నేవన్‌లో మా పక్కింటాయన మొన్న మంగళవారం పోయారు. ఆయన కూతురు తనుండే కార్లో ఊరి నుంచి ఫోన్ చేసి చెప్పింది. ఏడుపు కంటే ముందు నాకు భయం వేసింది. ఆయన జబ్బు సంగతి ఆ అమ్మాయి కంటే ముందు నాకే తెలుసు.

ఆయన నలభై ఏళ్ళు హర్స్ నడిపారు. అంటే శవాన్ని తీసుకెళ్ళే నల్ల కారు. మేం ఈ ఇంట్లో దిగిన రోజు అది మా గుమ్మానికి ఎదురుగానే ఆగి ఉంది. ఫోన్లో అమ్మకు చూపిస్తే, "శవం ఎదురొస్తే మంచిదేనే. ఖాళీ బండి వస్తేనే, ఎవరికోసం వచ్చిందో తెలీదు" అంది. మర్నాడే వెళ్ళి బండి కాస్త అవతల పెట్టమని అడిగాను. ఆయన నొచ్చుకోలేదు. అప్పట్నుంచి సందు చివర పెట్టి వానలో నడిచి వచ్చేవారు. తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది. మంచు రోడ్డు మీద కారు నడపడం నాకు నేర్పింది ఆ మనిషే.

ఆ బండికి పేరెలా వచ్చిందో మా వంటింట్లో ఉప్మా తింటూ చెప్పారు. ఫ్రెంచివాళ్ళకి హెర్స్ అంటే పొలంలో గడ్డలు చిదిపే ఇనప పళ్ళ గొర్రు. చర్చిలో శవపేటిక మీద కొవ్వొత్తులు గుచ్చే చట్రం కూడా అలాగే ఉండేదని దానికీ ఆ పేరే పెట్టారు. చట్రం నుంచి పేరు బండికి పాకింది. ఇంకా వెనక్కి వెళితే, ఆ పళ్ళని బట్టి, పాత ఇటలీలో తోడేలు అనే మాట తగులుతుందని కొందరంటారట. "నలభై ఏళ్ళుగా తోడేలుకి స్నానం చేయిస్తున్నా" అని నవ్వారు. నాకు నవ్వు రాలేదు.

పోయిన అక్టోబరులో ఆయన కళ్ళల్లో పసుపు చూశాను. కాలరు మెడకు వదులైంది. ఆసుపత్రిలో రోజూ చూసే రంగే, పొరబడను. జీపీ డాక్టరు దగ్గరికి నేనే తీసుకెళతానన్నాను. గ్రాండ్‌గా ఉన్నానన్నారు, అంటే బాగానే ఉన్నానని. మళ్ళీ అడిగితే నా చెయ్యి పట్టుకుని, "మా అమ్మాయికి మాత్రం చెప్పకు. ఈ దారిలో నేనెప్పుడూ తొందరపడలేదు" అన్నారు. మూడోసారి అడగలేదు. మాట ఇచ్చాను కదా అని సర్దిచెప్పుకున్నాను గానీ, నిజానికి ఊరుకోవడమే హాయిగా ఉండింది.

ఇక్కడ హర్స్‌ని పోయినవాళ్ళ ఇంటి ముందు ఒక నిమిషం ఆపుతారు. నిన్న ఆపారు. వీధంతా గేట్ల దగ్గర నిలబడింది. ఆయన కూతురు వచ్చి నా మోచేతి మీద చెయ్యి వేసి, గొంతు తగ్గించి అడిగింది.

"మీరు డాక్టరు కదా. మీకేమీ కనబడలేదా?"

"కనబడింది" అన్నాను.

ఆ అమ్మాయి నా మోచేతి మీది చెయ్యి తీసేసి, కదిలిన బండి వెనకాల నడిచింది. వీధివాళ్ళందరూ నడిచారు. నేను గేటు దగ్గరే ఉండిపోయాను.