తక్కువ వోల్టేజిలో తాళం

చేతులిచ్చినవాడు, చెయ్యి పడిపోయినా నోట నామం నిలిపినవాడు, అలసినవాళ్ళకు కూడా తెల్లవారేటట్లు చేసేవాడు అయిన నారాయణుడికి ముందుగా నమస్కారం. ఆయన దయ లేకపోతే ఈ నాలుగు మాటలు రాసే ఓపిక కూడా నాకు లేదు.

మా ఆవిడకు పక్షవాతం వచ్చి కుడిచేతి పట్టు పోయింది. మిట్టేమరి నుంచి కోడలిగా బట్లహళ్ళికి వచ్చినప్పటి నుంచి శనివారం భజనలో తాళాలు ఆమెవే. తొమ్మిది విధాల భక్తి గురించి సత్సంగంలో నేను చాలా విన్నాను. ఆమెకు తెలిసింది కీర్తన ఒక్కటే. ఇప్పుడు భజన మందిరానికి రానంది.

"ఉత్త చేతులతో పోయి ఆడ కూసోని ఏం చేసేది? అందరూ నా చెయ్యే చూస్తారు."

ఆమె మళ్ళీ భజనకు వస్తుందా రాదా అన్నదే మా ఇంట్లో దిగులు.

చిన్న చిన్న రోబోలు చేయడం నాకు అలవాటు. చిక్కబళ్ళాపురంలో ఉద్యోగం, రోజూ బస్సు. సెలవు దొరికితే గీత వెంబడి నడిచే బుల్లి బండ్లు చేసుకునేవాడిని. ఆ సామానుతోనే ఒక చెయ్యి చేశాను. పలక మీద ఒక తాళం బిగించి, రెండోదాన్ని మోటారుతో కదిలే పుల్లకు కట్టాను. ఎడమ వేలితో మీట నొక్కితే దెబ్బ పడుతుంది. ఒళ్ళో పెట్టుకునేది కనుక బరువు లేకుండా మూడు పెన్సిల్ సెల్లులతో, అంటే నాలుగున్నర వోల్టులతో, సరిపెట్టాను. బోర్డు మాత్రం ఇంట్లో ఉన్న ఐదు వోల్టులదే వాడాను.

అక్కడే దెబ్బతిన్నాను. సెల్లులు కొంచెం నీరసపడితే చాలు, మోటారు కదలగానే వోల్టేజి పడిపోయేది. బోర్డులోని మైక్రోకంట్రోలరు సొమ్మసిల్లి, మళ్ళీ మొదటి నుంచి లేచేది. లేచినప్పుడల్లా మోటారు పరీక్ష కోసం మూడు దెబ్బలు కొట్టమని ప్రోగ్రాములో నేనే రాసి ఉన్నాను. దాన్ని ఒళ్ళో పెట్టుకుని ఆమె భజనకు వచ్చిన మొదటి శనివారం పాటలన్నీ బాగానే నడిచాయి, సెల్లులు మాత్రం నీరసపడ్డాయి. హారతి అయ్యాక అందరూ కళ్ళు మూసుకుని మౌనంగా ఉన్నప్పుడు ఆమె వేలు మీటకు తగిలింది. ఒక దెబ్బ. ఆగి, మూడు. మళ్ళీ మూడు.

భజన నడిపే పెద్దాయన కళ్ళు తెరవకుండానే అన్నాడు: "ఏమప్పా, మనం చాలించినా మీ యంత్రం చాలించేటట్లు లేదే. దానికి భక్తి ఎక్కువైనట్లుండాది."

అందరూ నవ్వారు. ఆమె కూడా నవ్వింది. ఇంటికొచ్చాక మాత్రం, "ఇంక నన్ను పిల్చుకపోవద్దు" అంది.

మరుసటి రోజు చింతామణిలో ఎలక్ట్రికల్ అంగడికి పోయి, లో వోల్టేజికి పనిచేసే కంట్రోలరు ఉందా అని అడిగాను.

"ఏ ఊరప్పా?"

"బట్లహళ్ళి."

"ఆ తట్టంతా లో వోల్టేజేలే. మోటరు ఎన్ని ఎచ్‌పీ?"

"బొటనవేలంత ఉండాది."

"బొటనవేలంత మోటరుతో బోరు నీళ్ళు ఎత్తుతావా? చెంబులోకా?" అని నవ్వి, ఒక పెట్టె తీసి ముందు పెట్టాడు. "వోల్టేజి తగ్గిందంటే ఇది టక్కని ఆపేస్తుందప్పా."

"నాకు ఆపేది వద్దు. తగ్గినా ఆగనిది కావాల."

"అట్లాంటిది పెట్టుకుంటే మోటరు కాలిపోతుంది" అని జాలిగా చూశాడు.

బోరుబావుల సీమలో కంట్రోలరు అంటే పంపు మోటారును కాపాడే పెట్టే. ఉత్త చేతులతో బస్సెక్కి, సీటు దొరక్క నిలబడే వచ్చాను. ఇక ఫోనులో చిప్పుల వివరాలు చదవడం మొదలుపెట్టాను. వైఫై ఉన్నవి చవకే, కానీ ఉన్నట్టుండి ఎక్కువ కరెంటు లాగుతాయి. వేగంగా నడిచేవాటికి వోల్టేజి ఎక్కువ కావాలి. చివరికి రెండు వోల్టులకు దిగినా నిలిచే ఎనిమిది కాళ్ళ చిన్న చిప్పును తెప్పించాను. నెమ్మదిగా నడిపితేనే అంత తక్కువలో పనిచేస్తుందని అందులో రాసి ఉంది. నెమ్మదిగానే నడిపాను. మూడు దెబ్బల పరీక్ష తీసేశాను. ప్రోగ్రాము ఎక్కక విసుగొచ్చినప్పుడల్లా, నువ్వే చూసుకో తండ్రీ, అని పక్కన పెట్టి పడుకున్నాను.

చిప్పు నిలిచింది. ఆమె రెండు సార్లు నొక్కి చూసి, "దెబ్బ వెనకబడి పడతాండాది" అంది.

"మోటారు కదలడానికి ఆమాత్రం పడుతుంది. ఇంతకంటే నా చేత కాదు."

"నీ చేత కాకుంటే పోనీ. నేనే ముందుగా నొక్కుతాలే."

పాట ఆ చోటికి రాకముందే మీట నొక్కడం అది. ఆమెకు పాటలన్నీ ముందే తెలుసు. గోడ వైపు తిరిగి, పెదవులు కదుపుతూ సాధన చేసింది.

శనివారం భజనకు నడిచేటప్పుడు పలకను నేను పట్టుకున్నాను, ఆమె నా భుజం పట్టుకుంది. మొదటి పాటకు తాళం నిలిచింది. రెండోది వేగం, సగంలో తప్పి ఆపేసింది.

"నిలిపేస్తివేమమ్మా?" అన్నాడు పెద్దాయన.

"వేలు నొస్తాండాది. ఇది కానీండి, ఇంకోదానికి కొడతా."

కొట్టింది, సగం దాకా.

ఇంటికి తిరిగొచ్చే దారిలో ఆగి ఊపిరి తీసుకుంటూ, "వచ్చే వారానికి ఆ మీటను రవ్వంత పెద్దది చెయ్యప్పా" అంది. సరే అన్నాను. కాళ్ళు లాగుతున్నా సరే అన్నాను.

చదివినవారు ఆమె ఎడమ వేలికి బలం, నాకు కొంచెం ఓపిక అడుగుతూ, నాతోపాటు ఒక్కసారి నారాయణా అనండి.