వెనక వరుసలో నిలబడ్డవాళ్లు

నా చిన్నప్పుడు, తొంభైల నాటి తిరుపతిలో, నాకు నాట్యం నేర్పింది మా మేనత్త. మామయ్య పోయాక పక్క వీధిలో ఒక్కతే ఉంటూ, ముందుగదిలో పాతికమంది ఆడపిల్లల చేత అడుగులు వేయించేది. మద్రాసు నుంచి తెప్పించుకున్న రెండు వీడియో క్యాసెట్లంటే ఆమెకు ప్రాణం. వాటిలో పేరున్న ఒక విదేశీ నర్తకి కాలి మునివేళ్ల మీద నిలబడి బ్యాలే ఆడుతుంది. ఆదివారాలు మమ్మల్ని చాప మీద కూర్చోబెట్టి అవే చూపించేది.

నాకు పదకొండో ఏడు నడుస్తుండగా అత్తకు పక్షవాతం వచ్చింది. కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి. మూతి ఒక పక్కకు లాగేసింది. ఆసుపత్రి నుంచి తెచ్చిన రోజు అమ్మతో వెళ్లి, చొంగ కారుతున్న ఆ ముఖం చూసి పరుగెత్తుకొచ్చేశాను. ఆ తర్వాత వెళ్లనే లేదు. పరీక్షలన్నాను, కడుపునొప్పన్నాను. అమ్మ మాత్రం రోజూ గంజి తీసుకుని వెళ్లేది.

మూడు వారాలు గడిచాక ఒక సాయంత్రం నాయన వచ్చి, "మీ అత్త వీసీఆర్ పెట్టెలో క్యాసెట్ ఇరుక్కునిందంట. నువ్వే వచ్చి తియ్యాలంట" అన్నాడు. దాన్ని నడపడం అత్త నాకొక్కదానికే నేర్పింది కాబట్టి తప్పించుకోలేకపోయాను. వెళ్లి చూస్తే ఏమీ ఇరుక్కోలేదు. మీట నొక్కగానే బొమ్మ వచ్చింది.

"ఎవుర్ని సూస్తాండావు?" అంది అత్త మంచం మీది నుంచి. మాట ముద్దముద్దగా వచ్చింది.

"మధ్యలో ఆడే ఆమెను."

"ఆమెను కాదు పాపా. ఆమె యెనకాల ఉండే వాళ్లను సూడు."

చూశాను. నర్తకి ఆడినంతసేపూ వెనక రెండు వరుసల్లో ఆడపిల్లలు ఒక చెయ్యెత్తి, కదలకుండా నిలబడి ఉన్నారు. అన్ని ఆదివారాలు చూసినా వాళ్లను నేను పట్టించుకోనే లేదు. చివరి పిల్ల చెయ్యి సన్నగా వణుకుతోంది.

"సెయ్యి నొస్తా ఉండాది ఆ బిడ్డకు. దించినాదా?"

"లేదు."

"నాకు నువ్వేమీ సెయ్యొద్దు. నన్ను సూసి భయమైతే భయపడు. అయినా వచ్చి ఈడ నిలబడు. అంతే."

నేను ఏడ్చాను. అత్త కూడా ఏడ్చిందేమో, ఆ ముఖంలో తెలియలేదు.

మర్నాటి నుంచి బడి వదలగానే వెళ్లేదాన్ని. భయం పోలేదు. మంచాన పడి వీపు మీద లేచిన పుండ్ల వాసనకు మొహం పక్కకు తిప్పుకునేదాన్ని. అయినా గంజి చెంచాతో పట్టడం, మూతి తుడవడం నేర్చుకున్నాను. రెండు నెలలకు అత్త పోయింది. అప్పుడు ఆమె ఎడమ చెయ్యి నా చేతిలోనే ఉంది. పట్టు సడలడం నాకు తెలిసింది.

నేను వెళ్లని ఆ మూడు వారాలూ వీధిలో ఎవరి అడుగుల చప్పుడు విన్నా, "పాపేనా?" అని అడిగేదట అత్త. చాలా ఏళ్ల తర్వాత అమ్మ చెప్పింది. ఆ మాట ఈనాటికీ నాకు మింగుడుపడదు. ఎవరైనా మంచాన పడ్డారని తెలిస్తే, ఏం మాట్లాడాలో తోచకపోయినా, ఆ రోజే బయలుదేరుతాను.