జగపతి డాక్టర్ అడగని మాట

మహబూబాబాద్ స్టేషన్ రోడ్డులో జగపతి డాక్టరుకు ఇరవై రెండేళ్ల ప్రాక్టీసు. జ్వరమైనా, కడుపునొప్పైనా చుట్టుపక్కల తండాలవాళ్లు ముందు ఆయన దగ్గరికే వచ్చేవారు. దర్జీ జానీమియా కూతురు కహ్కషాన్ ఎంబీబీఎస్ చదివే రోజుల్లో సెలవులకు వచ్చి, ఆయన పక్కనే కూర్చుని రోగులను చూడడం నేర్చుకుంది. తర్వాత అదే రోడ్డులో నాలుగిళ్ల అవతల సొంత దవాఖాన తెరిచింది. దానికాయన బాధపడలేదు. రిబ్బను కత్తిరించింది కూడా ఆయనే.

ఆయనకు కడుపుమంట మొదలైంది ఆమె ఓ కోర్సులో చేరాకే. మామూలు డాక్టర్లకు మానసిక వైద్యం నేర్పే పీజీ డిప్లొమా అది. ఏడాదిపాటు ఆదివారాలు రైలెక్కి హైదరాబాద్ వెళ్లొచ్చింది. బోర్డు మీద ఆమె పేరు కింద ఇంకో వరుస చేరింది. అది కంటపడకుండా జగపతి వెనక సందులోంచి రావడం మొదలుపెట్టాడు.

"ముచ్చట్లు పెట్టుడు గూడ వైద్యమేనా యాదగిరీ?" అన్నాడు ఒకరోజు కాంపౌండరుతో.

"ఏమో సార్. ఆడ కుర్చీలు సాల్తలేవట."

సకల జనుల సమ్మెలో బస్సులు ఆగిపోయాయి. ఓ పొద్దున కురవి దగ్గరి తండా నుంచి సక్రి నడిచి వచ్చింది. ఒళ్లంతా మంటలు, నీరసం అంటే తొమ్మిదేళ్లుగా జగపతే ఆమెకు బలం సూదులు వేస్తున్నాడు. కిటికీలోంచి ఆమెను చూసి, సూది సిద్ధం చేయమన్నాడు. సక్రి ఆగలేదు. తలదించుకుని ఆయన గుమ్మం దాటి కహ్కషాన్ దవాఖానలోకి వెళ్లింది.

 ఆ సాయంత్రం ఆయన నేరుగా కహ్కషాన్ గదిలోకి వెళ్లాడు.

"నేను నేర్పిన పనితోని నా పేషెంట్లనే గుంజుకుంటున్నవా?"

ఆమె లేచి నిలబడింది. "కూసోండి సార్." సక్రి తెచ్చిన పాత చీటీల కట్ట ఆయన ముందు పెట్టింది. అన్నీ ఆయన రాసినవే. "ప్రతి దాంట్ల నిద్ర లేదు, ఆకలి లేదు అని మీరే రాసిన్రు. ఎందుకు లేదని నేను అడిగిన, అంతే. ఆమె బిడ్డ బాయిల పడి పానం పోయి తొమ్మిదేండ్లయిందట. మీకు చెప్పొచ్చా అంటే, చెప్పమన్నది."

జగపతి తన చేతిరాతను చూస్తూ కూర్చున్నాడు. తప్పు తెలిసింది. అయినా మంట చల్లారలేదు, ఎక్కువైంది. ఆ ఒక్క మాట తనకే తోచి ఉంటే, సక్రి తన బల్ల ముందే ఏడ్చేది కదా!

మరుసటి ఏడు, యాభై మూడేళ్ల వయసులో, ఆయనా అదే కోర్సులో చేరాడు. భార్య శోభకు తప్ప ఎవరికీ చెప్పలేదు. పాఠంలో భాగంగా పిల్ల డాక్టర్ల మధ్య రోగిలా నటించే వంతు వస్తే చెమటలు పట్టేవి. ఓసారి పాఠం చెప్పే ఆయన "మహబూబాబాదా? మీ ఊరి కహ్కషాన్‌కు ఫస్టొచ్చింది" అన్నాడు. అప్పట్నుంచి జగపతి రైల్లో కూడా పుస్తకం మూయలేదు. చివరికి పాసయ్యాడు. ఫస్టు రాలేదు.

ఆ తర్వాత మిర్చి రైతు సదానందం గుండెదడతో వచ్చాడు. ఈసీజీలో ఏమీ లేదు. జగపతి కలం పక్కన పెట్టాడు.

"నిద్ర పడుతున్నదా సదానందం? ఏం యాదికొస్తున్నది?"

సదానందం అరగంట తన అప్పుల గురించి మాట్లాడాడు. కండువాతో కళ్లు తుడుచుకుని, "అచ్చం కహ్కషాన్ మేడం తీర్గనే అడిగిన్రు సారూ" అన్నాడు.

జగపతి ముఖం ముడుచుకుపోయింది. 

"అవును. ఆమెను చూసే నేర్చుకున్న," అన్నాడు చివరికి. "ఇగ చెప్పు, ఈ సంగతి మీ ఇంట్ల ఎవరికన్న ఎరుకేనా?"