అమ్మ చెప్పని ఓటు

పార్లమెంటు ఎన్నికల్లో ఓటు వేయడానికి ఈ రోజు పొద్దున్నే కడపలో బస్సెక్కి మా ఊరికి వెళ్లాను. మా ఊళ్లో ఎప్పుడూ ఒకటే పార్టీ. పోలింగుకు ముందు రోజు ఊరి పెద్దాయన మనిషి ఇంటింటికీ వచ్చి గుర్తు చెప్పిపోతే, అందరూ దానికే గుద్దేవాళ్లు. ఈసారి ఆ పార్టీ రెండుగా చీలింది. పెద్దాయన కొడుకులిద్దరూ చెరో వైపు చేరారు. దాంతో నిన్న అమ్మ దగ్గరికి పొద్దున ఒకరు, సాయంత్రం ఒకరు వచ్చి చెరో గుర్తు చెప్పారట. అమ్మ ఇద్దరికీ మజ్జిగ ఇచ్చి, "అట్లే కానీప్పా" అని పంపిందట.

అమ్మ ఓటేసి బడిలోంచి బయటికి వచ్చేసరికి అన్నదమ్ములిద్దరూ దూరంగా చెరో షామియానా కింద కూర్చున్నారు. తమకే వేసిందన్న ధీమాతో ఇద్దరూ తల ఊపారు. అమ్మ కూడా ఇద్దరికీ ఊపింది.

ఇంటికొస్తూ మెల్లగా అడిగాను. "ఎవరికేసినావుమా?"

"నీకెందుకు మే? ఇన్నేండ్లూ నా ఓటు యాడికి పోతాదో నాకన్నా ముందు ఊరందరికీ తెల్సు. ఈసారి నా ఒక్కదానికే తెల్సు. అట్లే ఉండనీ."

కన్నకూతురిని, ఎంత బతిమాలినా చెప్పలేదు. ఒళ్లు మండింది. అయినా తిరిగొచ్చేటప్పుడు బస్సులో పక్కనున్న ముక్కూ మొహం తెలియని ఆవిడకు ఇదంతా గొప్పగా చెప్పుకుంటూ వచ్చాను.

ఇది చదువుతున్న మీకు మీ అమ్మగారు ఎవరికేశారో చెప్పారా? చెప్పారనే అనుకుంటున్నారా? మీకూ మజ్జిగే ఇచ్చి ఉంటారు.